పంతం పట్టి డైపరు మాన్పించడం ఎలా?

ముందు ముహూర్తం. బిడ్డ ఒంటికి పట్టు ఎప్పుడు చిక్కుతుందని చూడకండి, ప్లేస్కూలు ఎప్పుడు తెరుస్తారన్నదే లెక్క. జూన్‌లో బడి, దరఖాస్తు ఫారంలో ‘డైపర్లతో పంపరాదు’ అని ఒక ముక్క, కాబట్టి మే నెల ఆఖరి వారంలో పని మొదలుపెట్టండి. పిల్లల డాక్టరును మాత్రం అడక్కండి. అడిగితే, బిడ్డ 2 గంటలైనా తడపకుండా ఉంటున్నాడా, నిక్కరు తనే కిందికి లాక్కోగలడా, బంతి తెమ్మంటే తెస్తాడా, వస్తున్న సంగతి ముఖంలోనైనా తెలియనిస్తున్నాడా అని ఆరా తీస్తారు. ఈ గుర్తులు 18 నెలలు దాటాక ఒక్కొక్కటే కనిపిస్తాయనీ, కొందరికి మూడేళ్ళు పట్టినా తప్పు లేదనీ అంటారు. కట్టిన ఫీజు వెనక్కివ్వరన్న సంగతి డాక్టరుకేం తెలుసు?

ఇంట్లో ఏదైనా పెద్ద మార్పు జరుగుతుంటే మరీ మంచిది. పుట్టింటికి పురుటికి వెళ్ళిన అమ్మ చెల్లాయితో తిరిగొచ్చిన వారం శ్రేష్ఠం. అమ్మ ఒళ్ళో చోటు పోయింది, రాత్రి పక్క మారింది, తన ఉయ్యాల ఇంకొకరి పాలైంది. అదే ఊపులో డైపరు కూడా లాగేస్తే అన్నిటికీ కలిపి ఒక్కసారే ఏడుస్తాడు. రెండు రోజులు గమనించి, పక్క తడిపినవాళ్ళను ఈ ఇంట్లో ఎత్తుకుంటారని కనిపెడతాడు. ‘ఇంత పెద్దవాడివయ్యావు, సిగ్గులేదూ?’ అని గద్దించండి. పెద్దవాడి వయసు రెండున్నరేళ్ళు.

పాటీ కుర్చీ కొనేటప్పుడు పాట పాడేది, లైట్లు వెలిగేది, ఏనుగు తల ఉన్నది చూసి కొనండి. వాడు దాన్ని హాలంతా తోసుకు తిరుగుతాడు, గిన్నె తీసి నెత్తిన బోర్లించుకుంటాడు, కూర్చోవడం ఒక్కటే చెయ్యడు. పొదుపరులైతే నేరుగా పెద్దవాళ్ళ కమోడు మీదే కూర్చోబెట్టండి. కాళ్ళు గాల్లో వేలాడాలి, అది ముఖ్యం. కింద చిన్న పీట వేస్తే పాదాలు ఆనుతాయి, మోకాళ్ళు పైకి లేస్తాయి, ముక్కడానికి పట్టు దొరుకుతుంది, ఐదు నిమిషాల్లో పని తెమిలిపోతుంది. ఐదు నిమిషాల్లో తెమిలిపోయేదాన్ని శిక్షణ అని నలుగురికీ ఎలా చెప్పుకుంటాం? ముప్పావు గంటైనా కూర్చోబెట్టి, చేతికి ఫోనివ్వండి. కార్టూన్లో పడి ఎందుకు కూర్చున్నాడో మరిచిపోతాడు. దింపగానే బాత్రూము గుమ్మంలో కానిచ్చేస్తాడు.

కడుపు నిండగానే పేగుల్లో కదలిక వస్తుంది. అన్నం తిన్న పావుగంటకో అరగంటకో కూర్చోబెడితే పని సులువని అమ్మమ్మలందరికీ తెలుసు. ఆ వేళకు మీరు వాణ్ణి కారు సీట్లో బిగించి ట్రాఫిక్‌లో ఉండేలా చూసుకోండి.

అమ్మమ్మను ఊరినుంచి పిలిపించండి గానీ ఆవిడ పద్ధతి నేర్చుకోకండి. ఆవిడ గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపి, పాదాల మీద పసివాణ్ణి కూర్చోబెట్టుకుని ‘స్స్స్’ అంటుంది. లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి. లంగోటాలు ఉతుక్కోవలసింది తనే గనుక, అవి తడవకముందే బిడ్డ ముఖం చూసి పోల్చుకోవడం ఆవిడకు అలవాటైంది. గుడ్డ తడిస్తే బిడ్డకూ చల్లగా తెలిసేది. ఇప్పటి డైపరులో సోడియం పాలీఆక్రిలేట్ పలుకులుంటాయి. తమ బరువుకు ఎన్నో రెట్ల తడి పీల్చుకుని జెల్లుగా మారిపోతాయి, పోసిన సంగతి పోసినవాడికే సరిగా తెలియదు. తనకే తెలియనిదాన్ని మనకెందుకు చెప్పలేదని వాణ్ణి నిలదీయడమే మన పద్ధతి. అల్లుడుగారి ఎదట అమ్మమ్మ నోరు మెదపదు, అదొక వెసులుబాటు.

శాస్త్రం కావాలంటే అమెరికా నుంచి తెచ్చుకోవచ్చు. 1961లో అక్కడ పాంపర్స్ డైపర్లు బజారుకొచ్చాయి. మరుసటేడు టి. బెర్రీ బ్రాజెల్టన్ అనే పిల్లల డాక్టరు, తాను చూసిన 1,170 మంది పిల్లల వివరాలు ముందు పెట్టి, తొందరపెట్టకండి, బిడ్డ సిద్ధపడేదాకా ఆగండని రాశారు. తొంభైల చివర్లో ఆ పెద్దాయనే పెద్ద సైజు పాంపర్స్ ప్రకటనలో కనిపించారు. ఆగమన్న ముక్క వదిలేసి పెద్ద సైజు మాత్రం కొనుక్కోండి. 1974లో నేథన్ అజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పనికి ఒక్క రోజు కూడా పట్టదని పుస్తకం వేశారు. లోపల చాలా ఉంది: సిద్ధంగా ఉన్న బిడ్డనే ఎంచుకోవడం, బొమ్మకు పాటీ నేర్పి చూపించడం, కడుపునిండా తాగించడం, నిక్కరు పొడిగా ఉన్నప్పుడల్లా మెచ్చుకోవడం. అంత దూరం చదవక్కర్లేదు. అట్ట మీది పేరు చదివి, పొద్దుగూకేసరికి పని కాలేదని కేకలేస్తే చాలు.

ఇక తిండీ నీళ్ళూ. నీళ్ళు తగ్గించండి, తాగనివాడు పోయడు, లెక్క సరిపోయింది. ఆకలంటే పాలు, మళ్ళీ పాలు, మధ్యలో బిస్కెట్లు. ఆకుకూర పప్పు, బొప్పాయి ముక్క దరిదాపులకు రానివ్వకండి. నాలుగు రోజులు తిరిగేసరికి లోపల గట్టిపడుతుంది. ఒక్కసారి నొప్పి పుట్టిందా, ఇక వాడు దాన్ని బయటికి రానివ్వడు. కాళ్ళు మెలేసి, మునివేళ్ళ మీద నిలబడి, కర్టెను పట్టుకుని, కందగడ్డ ముఖంతో వణుకుతాడు. చూసినవాళ్ళు ముక్కుతున్నాడనుకుంటారు. వాడు బిగబట్టుకుంటున్నాడు. బిగబట్టిన కొద్దీ ఇంకా గట్టి, ఈసారి ఇంకా నొప్పి, మరోసారి ఇంకా పట్టుదల. కొన్నాళ్ళకు ఆ గట్టిదాని పక్కనుంచి పల్చగా కారి, వాడికి తెలియకుండానే నిక్కరు పాడవుతుంది. మీరు దాన్ని విరేచనాలనుకోవాలి, లేకుంటే మొండితనమనుకోవాలి, రెండూ అనుకుంటే మరీ మంచిది. డాక్టరు దగ్గరకు వెళ్తే మలబద్ధకానికి మందిచ్చి, పీచు ఉన్న తిండి పెట్టమని, అది తగ్గేదాకా పాటీ ఊసెత్తవద్దంటాడు. ఇంతదాకా వచ్చాక వెనకడుగు వేస్తే పక్క ఫ్లాటువాళ్ళకు మొహం ఎలా చూపిస్తాం?

పక్క ఫ్లాటు అమ్మాయి ఏడాదిన్నరకే నేర్చేసుకుందట. రోజుకొకసారి ఆ మాట వాడి చెవిన వేయండి. నిక్కరు తడిపినప్పుడు దాన్ని ఎత్తి పట్టుకుని ‘ఛీ ఛీ’ అనండి. వాడు మీ ఎదట పోయడం మానేసి సోఫా వెనక్కి వెళ్తాడు. కంటికి కనబడలేదంటే సగం నేర్చుకున్నట్టే. పొరపాటున ఒకనాడు పాటీలో పడిందనుకోండి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, డాలస్‌లో నిద్రపోతున్న పెదనాన్నకు వీడియో కాల్ చేసి, అందరిచేతా చప్పట్లు కొట్టించండి. రేపు వాడు మామూలుగా పోస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎల్లుండి వాడికి ఆసక్తి ఉండదు.

పగలు ఆపుకున్నవాడికి రాత్రి ఏమొచ్చిందని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. రాత్రిపూట మూత్రం తక్కువగా తయారయ్యేలా చూసే హార్మోను ఒకటుందనీ, దాని పని కుదురుకునే వేళ ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుందనీ, ఐదేళ్ళలోపు పిల్లలు పక్క తడపడం రోగం కాదనీ చెప్పేవాళ్ళుంటారు. అలాంటివాళ్ళ పరుపు మీద మీవాణ్ణి ఒక రాత్రి పడుకోబెట్టి చూడండి.

నాన్నగారి బాధ్యత గదిలోంచి ‘ఏమే, వాడికి వస్తోందేమో చూడు’ అని కేకవేయడంతో తీరిపోతుంది.

నియమం మాత్రం రోజుకొక తీరుగా ఉండాలి. ఇంట్లో డైపరు వద్దు, బంధువులొస్తే కావాలి, వాళ్ళు వెళ్ళగానే వద్దు, బస్సెక్కితే కావాలి. ఇన్ని అవరోధాలు దాటుకుని, మేనమామ పెళ్ళి భోజనాల్లో, వాడు మొట్టమొదటిసారి మీ చెయ్యి లాగి ‘నాన్నా, కక్క వస్తోంది’ అంటాడు. అప్పుడే పులిహోర వడ్డించి ఉంటారు. బంతిలోంచి లేవడం మర్యాద కాదు కదా, పెరుగన్నం అయ్యేదాకా ఆగమని చెప్పండి.