ముందే కుట్టించిన పెళ్లిబట్టలు

200 గంటలు విమానం నడిపి, నాన్న పొలం తాకట్టు డబ్బుతో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించిన కుర్రాడికి విమాన కంపెనీ గుమ్మంలో మొదటి ప్రశ్న: ‘టైప్ రేటింగ్ ఉందా బాబూ?’ అంటే, ఫలానా రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత. కావాల్సింది కంపెనీకి, ఖర్చు మాత్రం నాన్నది! సరే, ఇంకొన్ని లక్షలు పోసి ఎయిర్‌బస్ 320కి చేయించుకుంటాడు. పిలుపేమో బోయింగ్ 737 నడిపేవాళ్ల నుంచి వస్తుంది. పిల్ల కుదరకముందే కుట్టించిన పెళ్లిబట్టలివి. ఖాళీగా కూర్చుంటే రేటింగూ పాతబడుతుంది. మళ్లీ సిమ్యులేటర్, మళ్లీ బిల్లు.

అదే రకం విమానానికి మనుషుల్ని తీసుకుంటున్న సమయంలో ఆ కాగితం పనికొస్తుంది, కాదనలేం. కానీ 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు, రేటింగుతోపాటు వేల గంటల అనుభవమున్నవాళ్లే ఉద్యోగాల వేటలో పడ్డారు. వాళ్ల పక్కన మన 200 గంటల అబ్బాయిని ఎవరు చూస్తారు? శిక్షణ సంస్థ రసీదు మాత్రం ఠంచనుగా ఇస్తుంది.

అయ్యా నాన్నగారూ, నియామక పత్రం చేతికొచ్చేదాకా మిగిలిన ఎకరం పాస్‌బుక్కును బీరువాలోంచి తీయకండి.