బిళ్ల పోయి గింజ వచ్చె

“చూశారా అంకుల్, బియ్యపు గింజంతే!” అన్నాడు కంపెనీ కుర్రాడు, అరచేయి నా ముక్కు దగ్గర పెట్టి. కళ్లజోడు సర్దుకుని చూశాను. సోనా మసూరి కంటే కాస్త లావు. కుక్క మెడ వెనక, భుజాల మధ్య, సూదితో చర్మం కిందికి దించుతారట. దాని మీద 15 అంకెల నంబరు. ఇంకే కుక్కకీ ఆ నంబరు రాదట. ఊళ్లో పెంపుడు కుక్కలన్నిటికీ ఈ చిప్పులు వేయించాలా వద్దా తేల్చడానికి మునిసిపాలిటీ వాళ్లు కమిటీ వేశారు. రిటైరైన శానిటరీ ఇన్‌స్పెక్టర్నని నన్నూ పిలిచారు. కాఫీ మాత్రం బాగుంది.

మా రోజుల్లో బిళ్ల ఉండేది. నేను 1978లో ఉద్యోగంలో చేరేనాటికి కుక్కకి పన్ను కడితే నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్లం. ఓ ఏడు గుండ్రంగా, మరో ఏడు మూడు మూలలుగా. మా మేస్త్రీ వీధి మొగలో నిలబడి, ఎండలో ఆ మెరుపు చూసి, “ఇది కరణంగారిది, కట్టేశారు. అది ప్లీడరుగారిది, పోయినేటి బిళ్లే” అని చెప్పేవాడు. రిజిస్టరు తీసి చూస్తే తప్పేది కాదు.

“దీనికి బ్యాటరీ ఎప్పుడు మార్చాలి బాబూ?” అని అడిగాను. అసలు బ్యాటరీయే లేదట. రీడరు దగ్గరికి తెస్తే ఆ తరంగాలకే మేలుకుని, నంబరు చెప్పేసి, మళ్లీ పడుకుంటుందట. మా ఆఫీసులో కొందరు గుమస్తాలు అచ్చం ఇలాగే పనిచేసేవారు.

“ఎంత దగ్గరికి తేవాలి?”

“జానెడు దూరంలో ఉంటే చాలంకుల్.”

అంటే గింజను చదవాలంటే ముందు కుక్కను పట్టాలి. పట్టాలంటే వల వేసేవాడు కావాలి. నేను 2012లో దిగిపోయేనాటికే మా ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లు ఇద్దరు మిగిలారు, ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు ఔట్‌సోర్సింగు కుర్రాళ్లున్నారు, కుక్క గుర్రుమంటే ముందు వాళ్లే ఆటో ఎక్కుతారు. వాళ్లకి శిక్షణ ఎవరిస్తారన్నది స్క్రీను మీద వేసిన రంగురంగుల బొమ్మల్లో ఎక్కడా లేదు.

తప్పిపోయిన కుక్క ఎక్కడుందో ఈ చిప్పు చెబుతుందనుకున్నారు పక్కన కూర్చున్న కౌన్సిలరమ్మ. చెప్పదు. దానికి జీపీఎస్ పట్టీ వేరే కొనాలి, మెడకి కట్టాలి, ఛార్జింగు పెట్టాలి. మా ఇంట్లో మనుషుల ఫోన్లకే ఛార్జింగు ఉండదు.

సరే, డెమో అన్నారు. ఆఫీసులో ఒకాయన తన కుక్కను తెచ్చారు. ఊరు మారకముందు ఎప్పుడో చిప్పు వేయించారట. రీడరు కుయ్‌మంది, 15 అంకెలూ ముత్యాల్లా వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కంప్యూటర్లో యజమాని ఫోను నంబరు వచ్చింది. “చేసి చూడు బాబూ” అన్నాను. ఈ నంబరు ప్రస్తుతం వాడుకలో లేదంది ఫోనులో అమ్మాయి. యజమాని ఎదురుగానే నిలబడి తల గోక్కుంటున్నారు. సిమ్ము మార్చారు, ఎక్కడా చెప్పలేదు.

మా బందెలదొడ్డి గుర్తొచ్చింది. 1871 నాటి పశువుల చట్టం ప్రకారం నడిచేది. దొడ్లో పడ్డ గొడ్డుకి ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసులకి రాసేవాళ్లు. ఊళ్లో, సంతలో దండోరా వేయించేవారు. ఇంకో ఏడు రోజులు చూసి వేలం. డప్పు స్విచాఫ్ అవదు కదా! ఆ గొడ్ల చెవులకి ఇప్పుడు పసుపుపచ్చ బిళ్లలొచ్చాయి, 12 అంకెలు. వాటినైనా పది అడుగుల నుంచి చూడొచ్చు.

అన్నీ మా రోజుల్లోనే బాగుండేవంటే మా ఆవిడే నవ్వుతుంది. ఒక బిళ్లను మూడు కుక్కలకి మార్చి మార్చి కట్టిన పెద్దమనుషులున్నారు. గింజతో ఆ పప్పులుడకవు. ఇంకో మాట. కుక్క కరిస్తే అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, గొర్రె మెదడుతో చేసిన మందు. 2005 నాటికి మన దేశంలో దాన్ని మానేశారు. కరిచిన కుక్కకి టీకా పడిందో లేదో కనుక్కోవడానికి వీధులు పట్టుకు తిరిగేవాళ్లం. నంబరు కొడితే టీకా తేదీ కనిపిస్తుందంటే దానికి మాత్రం దణ్ణం పెడతాను, రాసేవాడు సరిగ్గా రాస్తే. డాక్టరు సూదులు ఆపమన్నదాకా ఎవరూ ఆపకూడదనుకోండి.

మరొకటి కూడా చెప్పాలి. అప్పుడూ మాకో గింజ ఉండేది. ముష్టి గింజ. దాన్నుంచి తీసిన విషం మాంసం ముక్కల్లో పెట్టి, తెల్లవారుజామున బిళ్ల లేని కుక్కలకి వేసేవాళ్లం. 2001 డిసెంబరులో కేంద్రం రూల్సు తెచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలమనే దాకా అదే పద్ధతి. 1986 వేసవిలో ఓ రోజు ఒక మాస్టారి కుక్క పోయింది. తాడు పుచ్చి రాత్రి బిళ్ల ఎక్కడో రాలిపోయింది. ముక్క వేయమని మేస్త్రీకి చూపించింది నేనే. దాన్ని నేనెరుగుదును, ఆ మసకచీకట్లో గుర్తుపట్టలేకపోయాను. మాస్టారు ఫిర్యాదు చేయలేదు. పన్ను రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మూడో రోజు కాలవ పూడిక తీస్తుంటే బిళ్ల దొరికింది. చర్మం కింద గింజ ఉండి ఉంటే, నా చేతిలో రీడరు ఉండి ఉంటే... కానీ ఆ వేళప్పుడు జానెడు దూరం వెళ్లి చూసేవాణ్ణా? ఏమో.

ఇప్పుడు గొడవ మరీ ముదిరింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకి తోలమంది. 22న సవరించి, ఆపరేషను, టీకా అయ్యాక పాతచోటే వదలమంది, పిచ్చివీ, మీద పడేవీ తప్ప. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. ఈ పట్టుళ్లలో పట్టీ ఊడిన పెంపుడు కుక్క కూడా వలలో పడుతుంది. గింజ పనికొచ్చేది అప్పుడే, బండిలో రీడరు ఉంటే. ఎన్ని రీడర్లిస్తారని అడిగితే ప్యాకేజీలో ఒకటన్నాడు కుర్రాడు. అది కమిషనరుగారి గదిలో బీరువాలో ఉంటుందట. రెండోదానికి కొటేషను వేరే.

ఆఖరున మూల్యాంకన పత్రమని ఒకటి ఇచ్చారు, అన్నీ టిక్కులే. వేగం, కచ్చితత్వం, రంగు కూడా. “ఓకేనా సార్?” అన్నారు కమిషనరుగారు, చిన్న వయసు, మంచి మనిషి. సంతకం పెట్టాను. కింద ఖాళీ ఉంటే రెండు ప్రశ్నలు రాశాను: బండికొక రీడరు ఇస్తారా? రాత్రి పదింటికి ఆ నంబరు చూసి యజమానికి ఫోను చేసేదెవరు?

ఆయన చదివి, “రెండోది ఏ సెక్షను కింద వస్తుంది సార్?” అని గుమస్తాని అడిగారు. గుమస్తా నా వంక చూశాడు.