లాగ్‌బుక్ సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక: తడ నుంచి శ్రీసిటీ వైపు తిరిగితే కర్మాగారాలు, వాటిలో పైపులు, పైపుల్లో ఫ్లోమీటర్లు. షిఫ్టు మారే వేళ ఇన్‌స్ట్రుమెంట్ కుర్రాడొకడు లాగ్‌బుక్కులో రాసే గద్యమిది. కింద సంతకం ఉంది గానీ అది ఎవరికీ చదవ శక్యం కానందున కవి ఎవరన్నది వివాదాస్పదం.

మూలం: "ఫ్రీక్వెన్సీ ఇన్‌పుట్ చూసినాం. సున్నాకి నాలుగు, అయిదొందలకి పన్నెండు, వెయ్యికి ఇరవై. ఓకే."

ప్రతిపదార్థం: ఫ్రీక్వెన్సీ ఇన్‌పుట్ = ఫ్లోమీటరులోని టర్బైను రెక్క కాయిల్ ఎదుటి నుంచి పోయినప్పుడల్లా పుట్టే పల్సు, దాన్ని కరెంటుగా మార్చే ట్రాన్స్‌మిటర్లో ప్రవేశించు ద్వారమును; చూసినాం = కాయిల్ వైర్లు విప్పి, ఆ చోట సిగ్నల్ జనరేటర్ తగిలించి పరీక్షించితిమి (ఉన్నది ఒక్కడే, బహువచనం గౌరవార్థం); సున్నాకి = పల్సు లేనప్పుడు; నాలుగు = 4 మిల్లీఆంపియర్లును; అయిదొందలకి = 500 హెర్ట్జ్‌కు; పన్నెండు = సరిగ్గా నడిమి విలువయు; వెయ్యికి = సెకనుకు 1000 పల్సులకు; ఇరవై = కంట్రోల్ రూములో నూరు శాతముగా కనబడు 20 మిల్లీఆంపియర్లును (వచ్చినవి); ఓకే = టీ వేళయినది.

తాత్పర్యం: ఈ మీటరు కె-ఫ్యాక్టరు లీటరుకు 100 పల్సులనుకుందాం. అప్పుడు 1000 హెర్ట్జ్ అంటే సెకనుకు 10 లీటర్లు, గంటకు 36 ఘనపు మీటర్లు. పల్సులు పెరిగిన కొద్దీ కరెంటూ అదే పాళ్లలో పెరిగిందని కవి హృదయం.

విశేషం: సున్నాకు సున్నా ఇవ్వక నాలుగేల? నీరు ఆగితే నాలుగు, కంట్రోల్ రూముకు పోయే వైరు తెగితే సున్నా. నిద్రకూ మరణానికీ భేదం తెలియాలని పెద్దలు చేసిన ఏర్పాటు.

పాఠాంతరం: జనరేటర్ తీసి కాయిల్ మళ్లీ కలిపాక రాసిన కొన్ని ప్రతుల్లో "సున్నాకి నాలుగు పాయింట్ ఎనిమిది" అని కనబడుతుంది. లేఖక ప్రమాదమని తోసేయరాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. సిగ్నల్ వైరు మోటారు కేబుల్‌ను ఒరుసుకుని పోతే ఆ యాభై లోపల దూరుతుంది, ట్రాన్స్‌మిటర్ దాన్నీ నీళ్లుగానే లెక్కిస్తుంది. ఎండిన పైపులో రోజుకు 43,200 లీటర్లు పారినట్టు! వైర్లను దూరంగా లాగి, షీల్డును ఒక్క కొసనే ఎర్త్ చేయడం ఇక్కడ పాఠపరిష్కారం.

పూర్వపక్షం: జనరేటర్ తప్పలేదు, ట్రాన్స్‌మిటర్ తప్పలేదు. కనుక నీళ్ల లెక్కా తప్పదు.

సిద్ధాంతం: అట్లనరాదు. ఈ పరీక్షలో నీళ్లు లేనేలేవు. సాక్షి విన్నది విన్నట్టు చెబుతాడని తేలింది. అతను విన్నది నిజమా అన్నది తేలలేదు. కె-ఫ్యాక్టరన్నది మీటరు తయారుచేసినవారు నీళ్లు పారించి కనిపెట్టి పలక మీద కొట్టిన అంకె. బేరింగు అరిగినా, మీటరుకు ముందే పైపు వంపు తిరిగినా అసలు విలువ జరిగిపోతుంది. సెట్టింగులో మాత్రం పాత అంకే కూర్చుని ఉంటుంది. కొలత తెలిసిన ట్యాంకులోకి నీళ్లు పట్టి పోల్చితేనే ఆ జరుగుడు బయటపడేది.

దృష్టాంతం: తెలుగుగంగ నీళ్లు కండలేరు నుంచి కాలువలో వచ్చి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడతాయి. 1983 ఒప్పందంలో నీటి వాటా 15 టీఎంసీలు, దారి నష్టం 3 పోను హద్దు దగ్గర అందాల్సింది 12. తూము దగ్గర ఎన్ని వదిలామన్నది కాక, హద్దు దగ్గర ఎన్ని చేరాయన్నదే అక్కడ లెక్క. రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్న న్యాయం రెండంగుళాల పైపుకు మాత్రం ఎందుకు వర్తించదు?

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు ఇకమీదట "ఓకే" తరువాత ఇంకో వాక్యం చేర్చుదురు గాక: "ఎలక్ట్రానిక్స్ మాత్రమే చూసినాం, నీళ్లతో చూడలేదు." టీ చల్లారిపోయేంత పొడవేం కాదు.