ఒక సువర్ణకణము ఆత్మకథ

నా పూర్వజన్మస్థానము ఉప్పాడ. ఏటేట గ్రామమును కొంచెము కొంచెముగా మ్రింగుచున్న యా సముద్రము, తుపాను వెలిసిన మఱునాడు ఒడ్డున విసరిపోయిన యిసుకలో పల్లెజనము పసిడిరవలు వెదకుదురు. పూర్వము కడలిపాలైన కోటలలోను కోవెలలలోను ఉండిన బంగారమే యిట్లు తిరిగివచ్చుచున్నదని వృద్ధులందురు. నిజానిజములు నే నెఱుగను. బంగారమునకు వంశవృక్షము జ్ఞాపకముండదు. జాందానీ చీరలో జరీయై మెఱయవలసిన నేను, కంసాలి మూసలో కరగి, చేతులు మాఱి, తుదకొక ప్రయోగశాల చేరితిని.

అచ్చట నన్ను ద్రవరాజములో కరగించిరి. ఆ లవణజలమును మరగించి సోడియం సిట్రేటు పోయగా, కోటానుకోట్ల కణములుగా పునర్జన్మ మెత్తితిమి. 1951లో టర్కెవిచ్ పరిశీలించిన పద్ధతి యిది. పరిమాణమును కోరినట్లు మార్చుట 1973లో ఫ్రెన్స్ చూపెను. ఏబది నానోమీటర్ల మేనులు గల మాకు పసుపుచాయ పోయి కెంపువన్నె వచ్చినది. ఈ వింతను 1857లోనే ఫారడే వర్ణించెను. మాలోని స్వేచ్ఛా ఎలక్ట్రానులు ఏకతాళమున నూగి ఆకుపచ్చని కాంతిని హరించుటయే దీనికి కారణము.

కాని యా కెంపు సీసాలోని గుంపుది, నాది గాదు. ఒకడు గుండ్రన, ఒకడు కోల, వేఱొకడు మూలలు తేలినవాడు. అందఱి వన్నెలును కలిసి రేఖాపటములో నొక్క శిఖరమై నిలువగా, సగటు మాటున నే నెవ్వడనో మఱుగుపడితిని.

ఆ మఱుగు తొలగించినది వేవ్‌గైడు. చిప్పుమీద సిలికాను నైట్రైడుతో తీర్చిన, మైక్రోమీటరైనను వెడల్పులేని కాంతిమార్గ మది. నైట్రైడు వక్రీభవన గుణకము సుమారు 2, క్రింది సిలికాది 1.45, కావున కాంతి లోపలనే బంధింపబడి పాఱును. అయినను, గోదావరి కాలువ నీరు గట్టు దాటకున్నను గట్టుమీది మొక్కకు చెమ్మ యందినట్లు, ఆ కాంతి యించుక వెలుపలికిని వ్యాపించి, నూఱు రెండువందల నానోమీటర్లలో క్షీణించును. ఆ కొద్దిపాటి యెడములో నన్ను కూర్చుండబెట్టిరి. నేను చెదరించిన వెలుగు మాత్రమే పైనున్న సూక్ష్మదర్శిని కందును, తక్కినదెల్ల చీకటి. వ్యాసము సగమైనచో చెదరు కాంతి అఱువదినాలుగవ వంతునకు పడిపోవు మావంటి వారికి ఇంతటి చీకటి కావలసినదే. ప్రోటీను అణువులు మేనికంటినచో నా వన్నె యించుక యెఱుపువైపు జరుగుటయు అందులోనే తెలియును.

నా పొరుగు చుక్క మాత్రము అందఱికంటె నెఱ్ఱగా వెలిగి శోధకుని మురిపించెను. దానికేదో విశేషగుణము కలదని అతడు రెండు పుటలు వ్రాసికొనెను. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూడగా నది యొకటి గాదు, ఒండొరుల నానుకొని యెండిన యిద్దఱు. అట్టి జంట వన్నె యెఱుపునకు జరుగుట మాలో సహజము. అతడు పుటలు చింపలేదు. పైన శీర్షిక కొట్టివేసి, “జంటలు” అని వ్రాసెను.