బూత్ బాబాయి

మా బాబాయికి ఊళ్ళో పొలం రెండెకరాలు, ఓట్లు తొమ్మిదొందల చిల్లర. పొలం కౌలుకిచ్చేశాడు. ఓట్లు మాత్రం స్వయంగా చూసుకుంటాడు.

1983లో, రామారావుగారి గాలి వీచిన ఎన్నికలప్పుడు, తొలిసారి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. అప్పట్నించీ మా ఊరి బడిలో, ఎన్నికల నాడు, తలుపు పక్క కుర్చీ ఆయనదే. ఏ పార్టీ తరఫున అంటారా? చెబితే మిగతా పార్టీల బాబాయిలు నొచ్చుకుంటారు. అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, అచ్చం ఇలాగే.

ఓటర్ల జాబితా ఆయన దిండు కింద ఉంటుంది. పేరు పక్కన టిక్కు ఉంటే మనవాళ్ళు, ఇంటూ ఉంటే వాళ్ళవాళ్ళు, సున్నా ఉంటే గోడమీద పిల్లి. ఎవరు ఎటో తేల్చడానికి ఆయన ఒక్కర్నీ నోరు తెరిచి అడగడు. కిటికీలోంచి ఏ న్యూస్ చానెల్ వినపడుతోంది, ఎరువులు ఎవరి కొట్లో అరువు తెస్తున్నారు, ఎవరి గృహప్రవేశానికి వెళ్ళి ఎవరి పెళ్ళికి ఎగ్గొట్టారు... ఇవి చాలు. కొత్త కోడలు ఊళ్ళో అడుగుపెడితే అందరూ ఎత్తూ రంగూ చూస్తారు, ఈయన పుట్టింటి నియోజకవర్గం కనుక్కుంటాడు. నా పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా వచ్చి, జంతికలు నములుతూ, కాబోయే మా మావగారిని అడిగిన మొదటి ప్రశ్న: “మీ మండలంలో మెజారిటీ ఎంతొచ్చిందండీ?” ఆయన చెప్పిన అంకె మా బాబాయికి నచ్చలేదు. అమ్మాయి మాకు నచ్చింది కాబట్టి సరిపోయింది.

పోలింగ్ నాడు ఆయన విద్య చూడాలి. ఓటరు అట్టల చాటుకు వెళ్ళాక మిషన్ నుంచి ‘కుయ్’మని శబ్దం వస్తుందిగదా, అంతవరకూ బాబాయి శ్వాస బిగపట్టి లెక్కపెడతాడు. వెంటనే మోగిందా, మన ఓటే. ఆలస్యమైందా, మనసు మారింది. మనిషి మరీ కిందికి వంగినట్టు అనిపిస్తే నోటా. వీవీప్యాట్ వచ్చాక ఈ శాస్త్రం కొంచెం దెబ్బతింది. చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది, జనం దాన్ని చూస్తూ నిలబడిపోతున్నారు. “చూడ్డానికేముందిరా అందులో, వేసింది వాడే కదా!” అని ఆయన బాధ.

కొన్నేసి బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం ఎప్పుడో అడిగితే కేంద్రం ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే మా బాబాయి మంచం పట్టేవాడు. బూత్ వారీగా లెక్క బయటికొస్తుంది కాబట్టే ఫలితాల రాత్రి అరుగుమీద విచారణ మొదలవుతుంది. మన టిక్కుల్లో నలభై ఎక్కడికి పోయాయి? చెరువుగట్టు వీధా, రామాలయం వీధా? ఆ తర్వాత ఆర్నెల్లు అనుమానం ఉన్న ఇళ్ళలో మంచినీళ్ళు కూడా తాగడు. పాపం, ఆ ఇళ్ళవాళ్ళు నిజంగా ఆయన పార్టీకే వేసి ఉంటారని నా అనుమానం.

ఇంత చేసీ జోస్యం ఒక్కసారీ ఫలించలేదు. రాష్ట్రం 2019లో ఒక పార్టీకి 151 సీట్లు కట్టబెట్టి, 2024లో అదే పార్టీకి 11 మిగిల్చింది. రెండుసార్లూ బాబాయి ముందురోజు చెప్పింది ఒకటే: “హోరాహోరీ.”

ఎటు వేస్తారో ఆయనకు బొత్తిగా తెలీదు కానీ, ఎవరు వస్తారో ఎవరు రారో ఆయనకు తెలిసినంత ఏ అధికారికీ తెలీదు. చనిపోయినవాళ్ళు, ఊరొదిలినవాళ్ళు అంటూ సిబ్బంది తెచ్చిన జాబితాను కళ్ళజోడు సర్దుకుని దిద్దుతాడు. “ఈవిడ పోలేదండీ, కూతురింటికెళ్ళింది. రేపు పదిన్నర బస్సుకి దిగుతుంది.” దిగుతుంది కూడా. మధ్యాహ్నం రిలీఫ్ ఏజెంటుని కూర్చోబెట్టి వీధులన్నీ తిరుగుతాడు. అప్పుడు మాత్రం టిక్కూ ఇంటూ చూడడు, అన్ని తలుపులూ తడతాడు. ఊరి శాతం పక్క ఊరి కంటే తగ్గడం ఆయన తన పార్టీ ఓడిపోవడం కన్నా పెద్ద అవమానంగా తీసుకుంటాడు. ఎనభై అయిదు దాటినవాళ్ళు ఇంట్లోనే ఓటెయ్యొచ్చన్నప్పుడు మా వీధి చివరి మామ్మగారు “పట్టుచీర కట్టుకుని నలుగురి ముందూ వెళ్ళకపోతే అదేం ఓటురా” అంది. బాబాయి ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ పేరు పక్కన ఇంటూ ఉంది మరి.

నేను హైదరాబాదులో ఉంటున్నానని ఆయనకు కాస్త చిన్నచూపు. 2024 మే 13న ఆంధ్రలో దాదాపు 82 శాతం పోలైతే, అదే రోజు హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగం కూడా రాలేదు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, మిగిలిన సగం మందీ నా బాధ్యతే అన్నట్టు మాట్లాడాడు. నేను ఊరొచ్చి ఓటేసి, వేలి సిరా చూపిస్తూనే మాట్లాడుతున్నాను అప్పుడు.

ఇక మా పిన్ని. జాబితాలో ఆవిడ పేరు పక్కన అన్నిటికంటే లావుపాటి టిక్కు. ఇన్నేళ్ళలో ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. “ఎవరికేశావే?” అని ఆయన అడిగితే, “అన్నం చల్లారిపోతోంది, రండి” అంటుంది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి బాబాయి ఒకడుంటాడు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు, తెల్లవారుజామున అయిదింటికి, బస్సెక్కావా లేదా అని ఫోన్ చేస్తాడు. దయచేసి ఎత్తండి. ఎత్తకపోతే ఇంటూ పెట్టేస్తాడు.