పచ్చ టిక్కు

మా బావమరిది ఇంట్లో ఉన్నది ఒక్కటే లాప్‌టాప్, అందులో ఉబుంటు. విండోస్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. మాక్ కొనే ప్రసక్తే లేదు. అయినా ముక్కూమొహం తెలియని ఎవడి విండోస్‌లోనో తన ప్రోగ్రాం మొరాయించిందంటే వీడికి అన్నం సహించదు. సబ్‌టైటిళ్ల టైమింగ్ సరిచేసే ఆ ప్రోగ్రాంని ఓపెన్‌సోర్సంటూ లోకానికి దానం చేశాడు. దానమిచ్చి ఇంత భయపడేవాణ్ని నేనెక్కడా చూడలేదు.

వాడు ఒక్క కామా మారిస్తే చాలు, ఎక్కడో పన్నెండు యంత్రాలు లేచి కూర్చుంటాయి. లినక్స్, విండోస్, మాక్. ఒక్కోదాని మీద నాలుగేసి పైథాన్ వెర్షన్లు. కోడ్ దింపుకుని, పరీక్షలు నడిపి, నెగ్గితే పచ్చ టిక్కు, తప్పితే ఎర్ర గుర్తు పెట్టి మాయమైపోతాయి. ఒకప్పుడు ఈ పరీక్షలు నడపడానికి లినక్స్‌కి ట్రావిస్ సీఐ, విండోస్‌కి యాప్‌వేయర్ పెట్టుకుని రెండు కాపురాలు చేసేవాడు. 2019లో గిట్‌హబ్ యాక్షన్స్‌కి సీఐ, అంటే ఇలా పరీక్షలు నడిపే సదుపాయం, వచ్చాక మూటాముల్లె అక్కడికి సర్దాడు. పబ్లిక్ రిపోలకి ఉచితం మరి! ఉచితమనేసరికి వేరే యంత్రాన్ని అనుకరించే క్యూఎము పెట్టి మెయిన్‌ఫ్రేమ్ మీద కూడా నడిపి చూశాడు. "బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లో సినిమా సబ్‌టైటిళ్లు ఎవడు దిద్దుకుంటాడ్రా?" అన్నాను. "ఏమో బావా, అక్కడ బైట్ల వరస తిరగేసి ఉంటుంది" అన్నాడు, అదే జవాబైనట్టు.

సొంత చెల్లెలి పెళ్లి. జీలకర్ర బెల్లం పెడుతుంటే పెళ్లికూతురి అన్నగారు ఫోన్లో తలదూర్చి ఉన్నారు. పంతులుగారు నూరేళ్లు పచ్చగా ఉండమని దీవిస్తుంటే, వీడు నా చెవిలో "విండోస్ ఎర్రగా ఉంది బావా" అన్నాడు. వాడి చేతిలో అక్షింతలు నా చొక్కా మీద పడ్డాయి.

సంగతేమిటంటే, పరీక్షకి పెట్టిన తెలుగు సబ్‌టైటిల్‌లో "అమ్మ" అని ఉంది. లినక్స్, మాక్ చక్కగా చదివాయి. విండోస్‌లో మాత్రం, ఫలానా ఎన్‌కోడింగ్ అని చెప్పకుండా ఫైలు తెరిస్తే పైథాన్ ఆ యంత్రం పాత కోడ్‌పేజీ పట్టుకుంటుంది. అక్కడున్నది 1252. అందులో మన పొల్లు తాలూకు ఆఖరి బైటుకి చోటే లేదు. మకి మ వత్తు దగ్గర ప్రోగ్రాం చతికిలబడింది. యూటీఎఫ్-8 అని ఒక్క ముక్క చేర్చి, భోజనాల బంతిలో అరిటాకు ముందు కూర్చునే పంపాడు. పచ్చ టిక్కులు పడ్డాకగాని పప్పులో నెయ్యి వేయించుకోలేదు. వాడి పుణ్యమా అని తెలుగు సబ్‌టైటిళ్లు విండోస్‌లో బతికాయి, కాదనను. కానీ అప్పగింతలప్పుడు కూడా ఫోన్లోనేనా?

ఈమధ్య వాడి రీడ్‌మీలో అచ్చుతప్పు కనబడితే దిద్ది పంపాను. ఒక్క అక్షరం. పన్నెండూ లేచాయి. పదకొండు పచ్చబడ్డాయి, మాక్‌లో ఒకటి ఎర్రబడింది. "నీ అక్షరానికీ దానికీ సంబంధం లేదు బావా, అప్పుడప్పుడు అలా మొండికేస్తుంది. పొద్దున మళ్లీ నడుపుతాలే" అని హాయిగా ఫోన్ పెట్టేశాడు. పొద్దున దాకా ఎలా ఆగడం? ఆ ఎర్ర గుర్తు పక్కన ఉన్నది నా పేరాయె. రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి లేపాను.