కాంతికాముకుడు

కారు కొనువారు లోకమున కోటానుకోట్లు గలరు; కాని కారు రంగును కాపాడుకొనుటయే పరమపురుషార్థమని యెంచి, ఆ పురుషార్థసాధనకు తగిన యంత్రమేదో నిర్ణయించుటలోనే ఆయుర్దాయమును వెచ్చించు మహానుభావుడు మాత్రము అపార్టుమెంటునకు ఒక్కడే యుండును. అతనినే నేను కాంతికాముకుడని వ్యవహరించుచున్నాను. ఇతడు సాధారణముగా నల్లకారు గలవాడు. తెలుపు తన గీతలను తానే దాచుకొనును గనుక తెల్లకారువారికి ఈ వ్యాధి సోకుట అరుదు. నలుపునకు ఆ దాక్షిణ్యము లేదు. ఎండలో నిలిపి వంగి చూచినచో, బానెట్టుపై సూర్యబింబము చుట్టును సన్నని గీతలు వలయములు వలయములుగా కనబడును. వానికి స్విర్ల్ మార్కులని పేరు. ఆ పేరు చెవిని పడిన నాటినుండి మనవానికి నిద్ర లేదు. అది వినకపూర్వము అదే కారు ఆయన కంటికి నిగనిగలాడుచుండెడిది.

ఆ గీతలను తీయు పాలిషింగు యంత్రము రోటరీయా, డీఏయా యనునది ప్రథమ ధర్మసందేహము. రోటరీ ఒకే ఇరుసుపై గిరగిర తిరుగును. లోతైన గీతలను సైతము త్వరగా తీయును గాని, అజాగ్రత్తగా ఒకేచోట నిలిపినచో వేడెక్కి రంగును కాల్చును. డీఏ యనబడు డ్యుయల్ యాక్షన్ యంత్రము తిరుగుచునే ఊగును. కొత్తవాడు పట్టినను దానివలన కలుగు హాని స్వల్పము. ఇంట చేసికొనువారికి డీఏయే మేలని తేల్చి రెండు వాక్యములతో ముగింపదగిన ఈ వ్యవహారమును ఆయన ఒక పెండ్లిపంక్తిలో, ప్రక్కన కూర్చున్న బావగారికి, అప్పడముతో ఉపదేశించెను. "ఇది రోటరీ" అని అప్పడము నడుమ వ్రేలుంచి విస్తరిమీద గిరగిర త్రిప్పెను. "ఇది డీఏ" అని దానినే త్రిప్పుచు ఇటునటు ఊపెను. "ఇప్పుడు గట్టిగా నొక్కామనుకోండి బావగారూ, తిరగడం ఆగిపోయి ఊగడం ఒక్కటే మిగులుతుంది. దాన్నే స్టాలవడం అంటారు" అని నొక్కగా అప్పడము నుగ్గునుగ్గయ్యెను. క్షణమైనను తడబడక, "రోటరీ కింద క్లియర్‌కోటూ ఇంతే!" అని విఘ్నమునే నిదర్శనముగా మార్చుకొన్న ఆ సమయస్ఫూర్తికి బావగారు విస్తుపోయి, ఎదుట నిలిచిన సాంబారును వద్దనిరి.

ద్వితీయ సందేహము ఊపును గూర్చినది: 8 మిల్లీమీటర్లా, 15 మిల్లీమీటర్లా, 21 మిల్లీమీటర్లా? పెద్ద ఊపు విశాలమైన బానెట్టునకు అనుకూలము. వంపులయొద్ద ప్యాడు తిరుగుట మానును. ఎచ్చటను ఆగకుండ పళ్లచక్రములతో బలవంతముగా త్రిప్పు యంత్రములును గలవు గాని, అవి చేతులను కూడ ఊపివేయును. ఇటలీవారి రూపెస్ కంపెనీ మన స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే పుట్టినదని తెలిసి, ఇందులో దైవసంకల్పమేదో కలదని ఆయన కొన్నాళ్లు నమ్మెను. ధర తెలిసిన పిమ్మట ఆ సంకల్పమును గూర్చి మరల ప్రస్తావింపలేదు. పని మీద వచ్చిన ఎలక్ట్రీషియను జాలిపడి, "మన దగ్గర నాలుగంగుళాల గ్రైండరుంది సార్, స్పాంజి బిగించి ఐదు నిమిషాల్లో కొట్టేద్దాం" అనెను. పాలిషింగు రోటరీ నిమిషమునకు సుమారు మూడువేల చుట్లతో తృప్తిపడగా, ఆ గ్రైండరు పదివేలు దాటును. ఆ రాత్రి కాంతికాముకుడు రెండుమార్లు లేచి సెల్లారులోనికి పోయి కారును చూచి వచ్చెను.

యంత్రమునకు ముందు ఆయన కొన్నది రంగు మందమును కొలుచు మీటరు. కారుపై గల పొరలన్నియు కలిసి సుమారు నూరునుండి నూటయేబది మైక్రాన్లు. అందు పైనుండు క్లియర్‌కోటు నలుబది, ఏబది మైక్రాన్లు మాత్రమే, అనగా తలవెండ్రుకకంటె పలుచన. ఇంతటి సన్నని ఆస్తిని అరగదీయబోవువాడు ముందు కొలుచుకొనుట వివేకమే. కాని తన కారుతో ఆగినవాడు కాంతికాముకుడెట్లగును? ఒక ఆదివారము సెల్లారులోని కార్లన్నింటిని కొలిచెను. మూడవ అంతస్తువారి సెకండుహ్యాండు కారు ఎడమ తలుపుపై మీటరు ఆరువందలు చూపెను. "లోపల పుట్టీ ఉందండీ. గట్టి దెబ్బే తగిలినట్టుంది" అని ఆయన శాస్త్రానందముతో ప్రకటించెను. ఒక్క గీటు పడలేదని ప్రమాణము చేయించుకొని కొన్న ఆ పెద్దమనిషి నాటినుండి ఈయనతో లిఫ్టులో ఎక్కుట మానెను.

ఇంతకును ఆ గీతలకు కర్త వాచ్‌మను. ఆరు కార్లు తుడిచిన బకెట్టు నీళ్లలోనే పాత బనియను గుడ్డను మరల ముంచి, తెల్లవారుజామున ఈ నల్లకారును రుద్దును. ఆ గుడ్డలోని ఇసుకయే వలయములను గీయును. ఈ కార్యకారణసంబంధము ఆయనకు చక్కగా తెలియును. అయినను పండుగకు బట్టలు పెట్టిన చేతితో ఆ గుడ్డను లాగికొనుటకు మొగమాటము. మనిషికి చెప్పలేనిదానిని యంత్రముచేత చెప్పింపవచ్చునని ఎంచినవారిలో ఇతడు మొదటివాడు కాడు.

తుదకు 15 మిల్లీమీటర్ల డీఏ ఇల్లు చేరినది. బానెట్టు నడుమ నిలువున టేపు అతికించి, ఎడమ సగమును ఆయన శాస్త్రోక్తముగా మెరుగుపట్టెను. టేపు లాగగా అటు ట్యూబులైటు అంచులతో సహా ప్రతిఫలించినది. ఇటు పూర్వపు మసకయే. ఆ కుడిసగము నేటికిని అట్లే యున్నది. అదియు మెరసినచో తేడా ఎట్లు తెలియునని ఆయన వాదము. వచ్చిన చుట్టములకెల్ల కాఫీకి ముందు టార్చిలైటుతో ఆ సరిహద్దు దర్శనము తప్పదు. "మిగతా సగం ఎప్పుడండీ?" అని ఇల్లాలు అడిగినది.

"తొందరపడకు. అద్దాల పక్కన పట్టడానికి మూడంగుళాల మెషీను కావాలి. అది వైరుదా, బ్యాటరీదా అన్నది ఇంకా తేలలేదు."